కావాలని చేయలేదుగా!

ప్రశ్న:

మేడమ్ గారూ, మేం పద్నాలుగేళ్లుగా మినియాపాలిస్ పక్క ఊళ్లో ఉంటున్నాం. మావాడికి 17 ఏళ్లు. ఈ వేసవిలోనే లైసెన్సు తీసుకున్నాడు. ఏప్రిల్ 11న ఇక్కడ బ్రూక్లిన్ సెంటర్‌లో డాంటే రైట్ అనే 20 ఏళ్ల నల్లజాతి అబ్బాయిని కిమ్ పాటర్ అనే పోలీసావిడ టేజర్ (కరెంటు షాక్ కొట్టే పరికరం) అనుకుని తుపాకీతో కాల్చి చంపింది. ఆ కేసు సోమవారం జ్యూరీ చేతికి వెళ్లింది. అప్పట్నుంచీ మా ఇంట్లో ముద్ద దిగడం లేదు. మావాడు ఫోన్ వదలడు. తీర్పు రోజు స్నేహితులతో కోర్టు దగ్గరికి వెళ్తానంటాడు. మావారేమో "ఆవిడ కావాలని చేసిందా? అయినా మనకెందుకు ఇదంతా?" అంటారు. ఇద్దరికీ మూడు రోజులుగా మాటల్లేవు. దీనికి తోడు, కారు అద్దానికి నేను కట్టిన వేంకటేశ్వరస్వామి డాలర్‌ని మావాడు విప్పి డ్రాయర్లో పెట్టేశాడు. అది చూసి మా అత్తగారు ఇండియా నుంచి ఫోన్లో ఒకటే గోల. నాకు రాత్రి రెండింటికి మెలకువ వచ్చేస్తోంది. ఈ జ్యూరీ ఎప్పటికి తేలుస్తుంది? తేలాక మా ఇల్లు ఎలా ఉంటుంది?

— ఒక తల్లి, మినెసోటా

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం మంగళవారం రాత్రి అందింది. నేనిది రాస్తున్నది 2021 డిసెంబరు 22, బుధవారం. ఇంకా తీర్పు రాలేదు. మీరిది చదివేలోపు వచ్చేసినా వచ్చేయొచ్చు. వచ్చినా రాకపోయినా నేను చెప్పాలనుకున్నది మాత్రం మారదు కాబట్టి రాసేస్తున్నాను.

ముందు "ఎప్పటికి" అన్న ప్రశ్న. మన కోర్టులకు అలవాటు పడిన ప్రాణాలకు ఈ జ్యూరీ పద్ధతి ఒక పట్టాన మింగుడుపడదు. నేను గుంటూరులో పదిహేనేళ్లు లాయరుగా ప్రాక్టీసు చేశాను. అక్కడ కేసు పదేళ్లు నడిచినా తీర్పు రోజు ఫలానా అని ముందే తెలుస్తుంది. ఆ రోజు పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకుని, టిఫిన్ చేసి కోర్టుకు వెళ్తాం. జడ్జిగారు ఎందుకు శిక్ష వేశారో, ఎందుకు వదిలేశారో పేజీలకు పేజీలు రాసి ఇస్తారు. నచ్చకపోతే ఆ కాగితం పట్టుకునే హైకోర్టుకు పోతాం. అమెరికాలో ఇలాంటి కేసు తేల్చేది జడ్జి కాదు, మామూలు జనంలోంచి ఎంచిన పన్నెండు మంది జ్యూరీ. దానికి వాయిదా లేదు, గడువు లేదు, కారణాలు రాసిచ్చే పనీ లేదు. పన్నెండు మందీ ఒక్క మాట మీదికి రావాలి, అంతే. పదకొండు మంది ఒప్పుకుని ఒక్కరు ఒప్పుకోకపోయినా తీర్పు లేనట్టే. అదే జరిగితే ప్రభుత్వం కేసును మళ్లీ మొదట్నుంచి నడపాలా వద్దా అని ఆలోచించుకోవాలి.

మీ ఊళ్లోనే చూడండి. ఏప్రిల్లో జార్జ్ ఫ్లాయిడ్ హత్య కేసులో డెరెక్ షావిన్ అనే పోలీసు దోషి అని తేల్చడానికి జ్యూరీకి పది గంటలు పట్టింది. 2017లో ఫిలాండో కాస్టీల్‌ని కాల్చిన పోలీసు యానెజ్ మీద కూడా, ఇప్పుడు పాటర్ మీద ఉన్నట్టే, మ్యాన్‌స్లాటర్ (హత్య కిందికి రాని, మనిషి ప్రాణం తీసిన నేరం) కేసే. అప్పుడు ఐదు రోజులు పట్టింది. మధ్యలో మావల్ల కాదని చెబితే జడ్జి మళ్లీ ప్రయత్నించమని పంపారు. ఆఖరికి నిర్దోషి అన్నారు. ఇప్పుడు పాటర్ తరఫున వాదిస్తున్న ఎర్ల్ గ్రే, పాల్ ఎంగ్ అప్పుడు యానెజ్ తరఫున వాదించినవాళ్లే. కాబట్టి ఎక్కువసేపు పడుతోందంటే ఇటు తేలుతుంది, అటు తేలుతుంది అని టీవీల్లో లెక్కలు కట్టేవాళ్లను వినకండి. మన ఎన్నికల ఎగ్జిట్ పోల్స్ కంటే ఆ లెక్కలేం గొప్పవి కావు.

నిన్న సాయంత్రం జ్యూరీ నుంచి రెండు ప్రశ్నలు వచ్చాయట కదా. ఒకటి, ఏకాభిప్రాయం రాకపోతే ఏం చేయాలి, ఎంతకాలం ఇలా కూర్చోవాలి అని. జడ్జి రెజీనా చూ మొదట ఇచ్చిన సూచనల్నే మళ్లీ చదివి, మాట్లాడుకుంటూ ఉండమన్నారు. మీ గుండె గుభేల్‌మన్నది ఆ వార్తకే అనుకుంటాను. నా మనసు మాత్రం రెండో ప్రశ్న దగ్గర ఆగింది. పెట్టెలో ప్లాస్టిక్ పట్టీలతో బిగించి ఉన్న పాటర్ తుపాకీని బయటికి తీసి, చేత్తో పట్టుకుని చూడొచ్చా అని అడిగారు. పాటర్ లాయరు అడ్డుచెప్పినా జడ్జి ఒప్పుకున్నారు. ఆ తుపాకీ బరువు టేజర్ కంటే రెట్టింపు పైన ఉంటుంది. తుపాకీ నల్లది, టేజర్ పసుపుపచ్చది. తుపాకీ కుడివైపు నడుముకు, టేజర్ ఎడమవైపు. మూడుసార్లు "టేజర్" అని అరుస్తూ కుడిచేత్తో తీసిన ఆ బరువు చేతికి తెలియకుండా ఉంటుందా? పన్నెండు మంది ముక్కూమొహం తెలియని మనుషులు, రాత్రిళ్లు కూడా ఇళ్లకు పోకుండా, టీవీ పెట్టుకోకుండా, ఆ ఒక్క సంగతి తేల్చుకోవడానికి ఆ ఇనుమును చేతిలోకి తీసుకోవాలనుకున్నారు. వాళ్లు ఏం తేల్చినా సరే, ఆ ప్రశ్న చూశాక వాళ్ల మీద నాకు గౌరవం కలిగింది.

ఇక అసలు సంగతికి వస్తాను. మీవారు అన్న ఆ మాట. "ఆవిడ కావాలని చేసిందా?"

మన ఇళ్లలో ఈ మాటకు ఎంత బలం ఉందో మీకు తెలుసు. పిల్లాడు గ్లాసు పగలగొడతాడు, కోడలు పాలు పొంగిస్తుంది, బావగారు నోరు జారుతారు. ఎవరో ఒకరు "పోనిద్దూ, కావాలని చేయలేదుగా" అంటారు. అక్కడితో ఆ పంచాయితీ అయిపోతుంది. అవ్వాలి కూడా. గ్లాసు దగ్గర అది మంచి మాటే.

నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తల్లో ఒక లారీ డ్రైవర్ కేసు వచ్చింది. స్కూలు దగ్గర మలుపులో స్పీడు తగ్గించలేదు. ఒక పిల్లాడు చనిపోయాడు. ఐపీసీ 304ఎ, నిర్లక్ష్యం వల్ల మరణం. అతను మంచివాడే. తాగలేదు, పారిపోలేదు, తనే పిల్లాణ్ణి ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు. బోనులో నిలబడి ఏడుస్తూ "కావాలని గుద్దానా అయ్యా" అన్నాడు. నేను కూడా నా వాదన అంతా ఆ మాట చుట్టూనే కట్టుకున్నాను. మేజిస్ట్రేటుగారు కళ్లజోడు తీసి, నెమ్మదిగానే అన్నారు: "కావాలని గుద్దితే నా దగ్గరికెందుకు వస్తావయ్యా? సెషన్స్ కోర్టుకు పోయేవాడివి." నేను అక్కడే కూలబడ్డాను. లా కాలేజీలో మూడేళ్లు చదివి నాకు అర్థం కానిది ఆ ఒక్క మాటలో అర్థమైంది. కావాలని చేయలేదు అన్నది అప్పటికే అందరూ ఒప్పుకున్న సంగతి. అది ఒప్పుకున్న తర్వాతే ఆ కేసు మొదలవుతుంది.

పాటర్ కేసూ అంతే. ఆవిడ చంపాలనుకుందని ప్రాసిక్యూషన్ కూడా అనడం లేదు. ఆవిడ మీద హత్య కేసు లేదు. ఉన్నవి రెండు మ్యాన్‌స్లాటర్ ఆరోపణలు. మొదటి డిగ్రీలో, తుపాకీని విచ్చలవిడిగా, ప్రాణానికో ఒంటికో పెద్ద దెబ్బ తగులుతుందని ఎవరికైనా తెలిసేంత అజాగ్రత్తగా వాడిందా అన్నది ప్రశ్న. రెండో డిగ్రీలో, ప్రమాదం ఉందని తెలిసీ తెగించేంత నిర్లక్ష్యం ఉందా అన్నది ప్రశ్న. మొదటిదానికి గరిష్ఠంగా 15 ఏళ్లు, రెండోదానికి 10 ఏళ్లు. పాత నేరాలు లేనివాళ్లకు అక్కడి మార్గదర్శకాల ప్రకారం పడేవి సుమారు 7, 4 ఏళ్లు. డిఫెన్సు వాళ్లు రెండు మాటలంటున్నారు. చేతిలో ఉన్నది తుపాకీ అని తెలియనప్పుడు తెలిసీ తెగించడం ఎలా అవుతుంది అనేది ఒకటి. డాంటే కారు కదిలితే, అందులోకి వంగి ఉన్న ఇంకో ఆఫీసరు దాంతోపాటు ఈడ్చుకుపోయేవాడు కాబట్టి తుపాకీ వాడినా తప్పులేదు అనేది రెండోది. ప్రాసిక్యూషన్ మాట ఒకటే: 26 ఏళ్ల సర్వీసు, అన్నేళ్ల ట్రైనింగు, ఈ పొరపాటు జరగకూడదనే కదా అవన్నీ!

నా అభిప్రాయం అడగలేదు, అయినా చెబుతాను. రెండోది నిలబడుతుందనిపిస్తోంది. మొదటిదాని మీద నాకు నమ్మకం తక్కువ. నేను గతంలో చాలాసార్లు పొరబడ్డాను, దీన్ని పట్టుకుని ఎవరితోనూ పందెం కాయకండి.

మీవారిని నేను తప్పుపట్టడం లేదు. శుక్రవారం పాటర్ సాక్ష్యం చెబుతూ ఏడ్చినప్పుడు ఆయనకు మనసు కరిగి ఉంటుంది. నాకూ కరిగింది. ట్రైనింగులో ఉన్న కుర్ర ఆఫీసరు పక్కన లేకపోతే ఆ కారును తను బహుశా ఆపేదాన్నే కాదని ఆవిడే ఒప్పుకుంది. అది విన్నాక ఎవరికైనా కడుపులో దేవినట్టవుతుంది. కానీ అదే విచారణలో మొదటి సాక్షి ఎవరో మీకు గుర్తుందా? డాంటే తల్లి కేటీ బ్రయంట్. పోలీసులు ఆపగానే ఆ అబ్బాయి చేసిన పని ఏంటంటే అమ్మకు ఫోన్ చేయడం. ఇన్సూరెన్సు సంగతి అడగడానికి. ఫోను ఆఫీసరుకివ్వు, నేను మాట్లాడతాను అందావిడ. రేపు మీ అబ్బాయికి పార్కింగ్ టికెట్ పడితే మొదట ఎవరికి ఫోన్ చేస్తాడు?

మీవాడికి ఈ కేసు అంత దగ్గరగా ఎందుకు తగిలిందో ఆ డాలరే చెబుతోంది. డాంటే కారును ఆపినప్పుడు పోలీసులు చెప్పిన కారణాల్లో నంబరు ప్లేటు మీద గడువు దాటిన స్టిక్కరు ఒకటి, అద్దానికి వేలాడుతున్న ఎయిర్ ఫ్రెషనర్ ఒకటి. మినెసోటా చట్టంలో ఈ 2021 నాటికి, కొన్ని మినహాయింపులు తప్ప, డ్రైవరుకూ ముందు అద్దానికీ మధ్య ఏదీ వేలాడకూడదు. అతని మీద అరెస్టు వారెంటు ఉందని తర్వాత తెలిసిన సంగతి వేరే, అతను మళ్లీ కారులోకి దూరి పోబోయిన సంగతి వేరే. మొదలైంది మాత్రం అక్కడ. అంటే మీ అబ్బాయి స్వామిని అవమానించలేదు తల్లీ. భయపడ్డాడు. ఆ భయాన్ని నోటితో చెప్పుకోలేక డ్రాయర్లో పెట్టాడు. మీ అత్తగారికి ఈ ముక్క చెప్పండి, ఆవిడే అర్థం చేసుకుంటారు. పరిష్కారం కూడా ఇండియాలోనే ఉంది: మన ట్యాక్సీల్లో స్వామి ఎక్కడుంటాడు? డ్యాష్‌బోర్డు మీద. చిన్న విగ్రహం తెచ్చి, చూపుకు అడ్డురాకుండా అక్కడ కూర్చోబెట్టండి. ఆ పని మీవాడి చేతే చేయించండి.

"మనకెందుకు" అన్నదానికి మీవారికి ఒక సంగతి గుర్తుచేయండి. 2015 ఫిబ్రవరిలో అలబామాలోని మాడిసన్‌లో, మనవణ్ణి చూసుకోవడానికి గుజరాత్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన కొడుకు ఇంటి వీధిలో నడుస్తుంటే ఎవరో పోలీసులకు ఫోన్ చేశారు. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఆఫీసరు నేలకేసి కొట్టాడు, వెన్ను దెబ్బతిని ఒంట్లో కొంతభాగం స్వాధీనం తప్పింది. ఆ ఆఫీసరు మీద ఫెడరల్ కేసులో రెండుసార్లు జ్యూరీ కూర్చుంది, రెండుసార్లూ ఏకాభిప్రాయం రాలేదు. 2016 జనవరిలో జడ్జి నిర్దోషిగా వదిలేశారు. ఆ వారం మన వాట్సాప్ గ్రూపులు ఎలా ఉడికిపోయాయో మీవారికి గుర్తుండే ఉంటుంది. అప్పుడు ఎవరూ మనకెందుకు అనలేదు.

ఇక తీర్పు రోజు కోర్టు దగ్గరికి వెళ్లడం. ఇక్కడ నా అనుభవం ఒకటి ఉంది. 2009 కొత్త సంవత్సరం తెల్లవారుజామున ఓక్లాండ్‌లో ఫ్రూట్‌వేల్ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద ఆస్కార్ గ్రాంట్ అనే 22 ఏళ్ల యువకుణ్ణి మెసర్లీ అనే రైల్వే పోలీసు కాల్చి చంపాడు. టేజర్ అనుకున్నాను అన్నాడు, అదే మాట. కేసు లాస్ ఏంజిలిస్‌కు మార్చారు. 2010 జూలై 8న తీర్పు వచ్చే రోజు నేను మా అమ్మాయి దగ్గర ఓక్లాండ్‌లోనే ఉన్నాను. మధ్యాహ్నం తీర్పు రాబోతోందన్న కబురు రాగానే ఆఫీసులు అందర్నీ ఇళ్లకు పంపేశాయి. రోడ్డు మీద కార్లన్నీ ఒకే వైపు పోతున్నాయి. దుకాణాలకు ప్లైవుడ్ పలకలు కొడుతున్న చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. నాలుగింటికి చెప్పారు: హత్య కాదు, ఇన్‌వాలంటరీ మ్యాన్‌స్లాటర్, అంటే ఉద్దేశం లేకుండా ప్రాణం తీయడం. సాయంత్రం వరకూ జనం పాటలు పాడారు, ఏడ్చారు, మాట్లాడారు. చీకటి పడ్డాక కొన్ని దుకాణాల అద్దాలు పగిలాయి, 80 మంది దాకా అరెస్టయ్యారు. మా అమ్మాయి ఆఫీసు స్నేహితురాలు ఒకమ్మాయి చీకటి పడకముందు వెళ్లి, చీకటి పడకముందే తిరిగొచ్చింది. అక్కడ చేయాల్సిన పని అయిపోయింది, ఇక ఉండాల్సిన అవసరం లేదు అంది. ఆ మాట నాకు నచ్చింది.

మీవాణ్ణి వెళ్లొద్దు అనకండి. అన్నా వింటాడని నాకు నమ్మకం లేదు, చెప్పకుండా వెళ్తే మీ టెన్షన్ రెండింతలవుతుంది. తీర్పు సిద్ధమైందని కోర్టు ముందుగా చెబుతుంది, చదవడానికి గంటో రెండు గంటలో టైముంటుంది. ఏప్రిల్లో కూడా అలాగే జరిగింది కదా. ఆ గంటలో మీవారు కారు తీయాలి. అవును, మీవారే. అభిప్రాయం మార్చుకోనక్కర్లేదు, ప్లకార్డు పట్టుకోనక్కర్లేదు. కొడుకును దింపి, రెండు వీధులవతల పార్క్ చేసి, కలుసుకునే చోటు ముందే అనుకుని, చీకటి పడేలోపు తిరిగి తీసుకురావాలి. డిసెంబర్లో మీ దగ్గర నాలుగున్నరకే చీకటి పడుతుంది కాబట్టి ఆ టైము చాలా తక్కువ, ఆ సంగతి వాడికి ముందే చెప్పండి. ఇద్దరూ కారులో ఇరవై నిమిషాలు పక్కపక్కన కూర్చోవాలి, ఎదురెదురుగా కాదు. మగవాళ్లకు, అందులోనూ తండ్రీకొడుకులకు, ఎదురుగా కూర్చుంటే మాటలు రావు. రోడ్డు చూస్తూ అయితే వస్తాయి.

ఒకవేళ దార్లో పోలీసులు ఆపితే ఏం చేయాలో కూడా ఆ కారులోనే మాట్లాడుకోమనండి. చేతులు స్టీరింగు మీద, లోపలి లైటు వేసి, కాగితాల కోసం డ్రాయరు తెరిచే ముందు చెప్పి తెరవడం, దిగమనేదాకా దిగకపోవడం. ఇవి పాటిస్తే ఏమీ కాదని నేను హామీ ఇవ్వలేను. ఆ మాట కూడా వాడితో దాచకండి, వాడికి ఈపాటికి తెలుసు.

మీ సంగతి. రాత్రి రెండింటికి లేచి ఫోన్ చూస్తున్నారు కదా, ఆ టైముకు జ్యూరీ హోటల్లో నిద్రపోతూ ఉంటుంది. రాత్రిపూట తీర్పు రాదు. పగలు కూడా లైవ్ పెట్టుకుని కూర్చుంటే ఖాళీ తెర తప్ప ఏమీ కనిపించదు. ఇంట్లో ఒక్కరి ఫోన్‌కే అలర్టు పెట్టుకోండి. అది మీవాడికి అప్పజెప్పండి, ఎలాగూ వాడు చూడకుండా ఉండడు. మీ ఫోన్ వంటింట్లో చార్జింగుకు పెట్టి పడుకోండి.

ఇంకొక్క పని, ఈ సాయంత్రమే. తీర్పు రాకముందే ముగ్గురూ అన్నం దగ్గర కూర్చుని ఎవరేమనుకుంటున్నారో ఒక్కసారి చెప్పుకోండి. వచ్చాక ఎవరో ఒకరు గెలిచినట్టు ముఖం పెడతారు, ఇంకొకరు ఓడినట్టు లేచిపోతారు, ఇక మాట్లాడటం కుదరదు. మీవారు "కావాలని చేయలేదు" అంటే మీవాడు కాదనకూడదు, ఎందుకంటే అది నిజం. కానీ ఆయన అక్కడితో ఆగకుండా తర్వాతి వాక్యం కూడా ఆయనే చెప్పాలి. ఆయనకు ఇబ్బందిగా ఉంటే నా లారీ డ్రైవరు కథ చెప్పండి. అతనికి ఆరునెలలు శిక్ష పడింది. బయటికొచ్చాక ఆ తల్లి ఇంటికి వెళ్లాడని, ఆవిడ తలుపు తీయలేదని, మరుసటి ఏడాది మళ్లీ వెళ్లాడని విన్నాను. రెండోసారి తీసిందో లేదో నేను కనుక్కోలేదు.

కోర్టు దగ్గర చలికి వేళ్లు కొంకర్లు పోతాయి. గ్లవుజులు రెండు జతలు కారులో పెట్టండి, మీవారివి కూడా.